గరప నటవ కలదచ

కొలత అద్దాల పెట్టె మూత తెరిచినప్పుడల్లా ఒక వాసన వస్తుంది. పాత మఖమలు గుడ్డది కొంత, ఇత్తడి చట్రాలది కొంత, వాటిని తుడిచిన స్పిరిట్‌ది కొంత, వీటన్నిటి అడుగున నేను పేరు పెట్టలేనిది ఇంకొకటి. తార్నాకలో, మెట్రో స్తంభాల వరసకు ఎదురుగా ఉన్న మా కంటి క్లినిక్కులో ఆ పెట్టెతో ఇప్పుడు పని లేదు. యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చుంటే కంటి పవరు కాగితం మీద అచ్చయి బయటికి వస్తుంది. అయినా అప్పుడప్పుడూ దాని దుమ్ము నేనే దులుపుతాను. వాసనలు జ్ఞాపకాలను తట్టి లేపుతాయని చాలామంది రాశారు. నా విషయంలో అలా జరుగుతుందని చెప్పలేను. వాసన వస్తుంది, గుర్తుపడతాను, మూత వేస్తాను. లోపల ఏదీ కదలదు.

రాయబోయే ముందు నాకు ఖాయంగా తెలిసినదాన్నీ, విని నమ్మినదాన్నీ వేరుచేసి పెట్టాలి. మా తాతయ్య తెనాలి వైపు నుంచి వచ్చి తార్నాక రోడ్డు మీద రెండు అద్దె గదుల్లో కంటి వైద్యం మొదలుపెట్టాడన్నది ఖాయం. మద్రాసులో చదివినట్టు ఆయన పట్టా ఇప్పటికీ నా కుర్చీ వెనక గోడకు ఉంది. ఆ రోజుల్లో రోడ్డుకు అవతల గేదెలు మేసేవన్నది వినికిడి. ఒక నవాబుగారి బేగానికి ఆయన చూపు తెప్పించాడన్నది కూడా వినికిడే, పైగా చెప్పేవాళ్ళను బట్టి ఆ బేగం ఒక్కోసారి నవాబుగారి తల్లి అవుతుంది, ఒక్కోసారి అత్త అవుతుంది. ఈ అద్దాల పెట్టె లండను నుంచి వచ్చిందని నేను కాలేజీకి వెళ్ళేదాకా నమ్మాను. మూత లోపలి ముద్ర మాత్రం కలకత్తా అంటుంది. నాన్న ఆ వైద్యాన్నే డిగ్రీతో చదివి తాతయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడన్నది, అమ్మ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పేదన్నది, ఆ ఉద్యోగం వల్లే మేం క్యాంపస్ క్వార్టర్లలో ఉండేవాళ్ళమన్నది ఖాయం. నా ఎడమ కంటికి బోర్డు మీద పై రెండు వరసలే కనిపిస్తాయన్నదీ ఖాయమే. అది అలా ఎందుకు మిగిలిపోయిందన్నది మాత్రం ఇటు ఖాయంలోనూ అటు వినికిడిలోనూ ఇమడదు. నేను చెప్పబోయేది ఆ కన్ను గురించే.

మా క్వార్టరు క్యాంపస్‌లో తార్నాక వైపు అంచున, రెండు పడకగదులూ ఒక పొడుగాటి వరండాతో ఉండేది. చలికాలం పొద్దున సీతాఫల్‌మండి వైపు నుంచి రైలు కూత వినిపిస్తే అమ్మ పొయ్యి మీద పాలు పెట్టే వేళ అయిందని అర్థం. ఎండాకాలం అదే కూత వేడిగాలిలో కరిగి వచ్చిందో లేదో తెలిసేది కాదు. శివరాత్రి దాటగానే క్వార్టర్ల వెనక రాళ్ళ మధ్య పెరిగిన సీమచింత చెట్లు గులాబిరంగు చుట్టలు తిరిగిన కాయలతో వంగిపోయేవి, ఏప్రిల్‌లో హాస్టళ్ళ దారంతా తురాయి పువ్వు రాలి చెప్పుల కింద జారేది, తొలకరి పడితే నల్లరాతి బండల మీద నుంచి లేచే ఆవిరిలో మట్టివాసనా నాచువాసనా విడదీయరాకుండా కలిసిపోయేవి. పరీక్షల కాలంలో విద్యార్థులు చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని పైకి చదువుతూ పచార్లు చేసేవాళ్ళు. చదువంటే నోటితో చేసే పని అని నేను చాలాకాలం అనుకోవడానికి వాళ్ళొక కారణం కావచ్చు.

అమ్మది జనగామ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆమె ఈ కృష్ణా అవతలి ఇంటికి ఎలా వచ్చిందన్న విషయంలో రెండు కథనాలున్నాయి. పుప్పొడి పడి కళ్ళు ఎర్రబడితే మందు కోసం క్లినిక్కుకు వచ్చిందని నాన్న చెప్పేవాడు, బస్సుస్టాపులో ఆయనే పలకరించాడని అమ్మ అంటుంది. అది ఎండాకాలమా వానాకాలమా అన్నదాని మీద కూడా వాళ్ళకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఇంట్లో రెండు తెలుగులు, రెండు వంటలు నడిచేవి. ఉగాదినాడు తాతయ్యకు చెంచాతో తినే చిక్కటి పచ్చడి ఒక గిన్నెలో, అమ్మకు గ్లాసులో పోసుకుని తాగే పలచటి పచ్చడి కొత్తకుండలో సిద్ధమయ్యేవి, నేను రెండూ పుచ్చుకునేదాన్ని. అమ్మ సర్వపిండి గిన్నె అడుగుకు అద్ది కాలుస్తుంటే, "దీనికి చిల్లులెందుకు పొడుస్తావమ్మాయ్, కంటికి పెట్టి పవరు చూడ్డానికా?" అని తాతయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఆటపట్టించేవాడు. అమ్మ మొదటి ముక్క ఆయనకే పెట్టేది.

క్లినిక్కు లోపలిగది గోడకు తాతయ్య స్వయంగా రాసిన అక్షరాల బోర్డు ఉండేది. పైన ఒక పెద్ద అక్షరం, కిందికి దిగినకొద్దీ వరసకు ఒక్కటి చొప్పున పెరుగుతూ, చిన్నవవుతూ వచ్చే అక్షరాలు: గ, ర, ప, న, ట, వ, క, ల, ద, చ, చివరి వరసలో మ, బ, య, న, ర. కాంపౌండరు యాదగిరి సన్నటి బెత్తం కర్ర పట్టుకుని నిలబడి, రోగి ఒక కన్ను మూసుకుని కూర్చోగానే, ఏ అక్షరం మీద పడితే ఆ అక్షరం మీద కర్ర ఆనించి అడిగేవాడు. సెలవురోజుల్లో నేను ఆ గదిలో బెంచీ చివర కూర్చుని, కళ్ళలో చుక్కలు వేయించుకుని తలలు వెనక్కి వాల్చుకున్న ముసలివాళ్ళ వరసను చూస్తూ పొద్దు గడిపేదాన్ని, ఆ అక్షరాలు నాకు ఓనమాల కంటే ముందే వచ్చేశాయి. వాటిని గుక్కతిప్పుకోకుండా చెబితే పాటలా ఉండేది. గ, రప, నటవ, కలదచ, మబయనర.

ఆ పాట క్లినిక్కు దాటి క్వార్టర్ల సందులోకి ఎలా వచ్చిందో తెలియదు. తెచ్చింది నేనేనని అమ్మ అంటుంది. పక్క క్వార్టరులో ఉండే నా ఈడు పిల్ల రజిత ఒకసారి కళ్ళకలకకు మందు వేయించుకోవడానికి వచ్చి పట్టుకుపోయిందని నా అనుమానం. ఏదైనా, దొంగాట మొదలుపెట్టే ముందు పంటలు వేసుకోవడానికి మా సందులో వేరే పాట ఉండేది కాదు. అందరం గుండ్రంగా నిలబడితే ఒకరు వేలితో ఒక్కొక్కరిని తాకుతూ గరప చెప్పేవారు. చివరి 'ర' ఎవరి మీద పడితే వాళ్ళు బతికిపోయినట్టు, ఆఖరున మిగిలినవాళ్ళు దొంగ. బడి తెరిచే ముందు ప్రతి ఏడూ తాతయ్య ధర్మానికని సందులో పిల్లలందరినీ క్లినిక్కుకు పిలిపించి చూపు చూసేవాడు. మా దగ్గర కర్ర అవసరం పడేది కాదు, యాదగిరి దాన్ని మేకు మీద నుంచి తీసేలోపే మేం నటవ దాటేసేవాళ్ళం. కుడి అరచేత్తో కుడి కన్ను, ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని అందరమూ రెండుసార్లు గరప చెప్పి, తాతయ్య ఇచ్చే నువ్వుండ తీసుకుని ఇళ్ళకు వచ్చేవాళ్ళం. మా సందులో పిల్లల చూపు ఊళ్ళో ఎవరికీ లేదని ఆయన గర్వపడేవాడు. అద్దాలు అమ్మే ఇంట్లో అద్దాలు పెట్టుకునే అవసరం ఎవరికీ రాలేదన్నది దానికంటే పెద్ద గర్వం. వృత్తిరీత్యా ఇప్పుడు ఆలోచిస్తే, ఒక సందులో పిల్లలందరి చూపూ ఏటేటా లోపం లేకుండా ఉండటమే అనుమానించదగ్గ ఫలితం. అప్పట్లో అనుమానించినవాళ్ళు లేరు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, సీమచింత కాయలు దోటీతో లాగుతుంటే ఒక కొమ్మ విదిలించుకుని వచ్చి ముల్లు కుడికంటి మీద గీరుకుపోయింది. గాయం పెద్దది కాదు. తాతయ్య లేపనం వేసి, దూది మెత్త పెట్టి, ప్లాస్టరుతో కన్ను మూసేశాడు. ఆ సాయంత్రం నేను వాకిట్లో నల్లా దిమ్మెకు తగిలి పడ్డాను, లేచి గేటు దగ్గర నిలబడ్డ మనిషిని పాలామె అనుకుని గిన్నె తెస్తానన్నాను. గేటు దగ్గర ఉన్నది రజిత. ఆమె అది పరాచికమనుకుని నవ్వింది, నేనూ నవ్వాననే గుర్తు. ఏమీ కనబడటం లేదని ఇంట్లో చెప్పినప్పుడు ముందు ఎవరికీ అర్థం కాలేదు. దెబ్బ తగలని ఎడమకన్ను తెరిచే ఉంది కదా.

మర్నాడు నాన్న నన్ను క్లినిక్కులో బోర్డు ముందు కూర్చోబెట్టాడు. అమ్మ కాలేజీకి వెళుతూ మధ్యలో ఆగి, చేతిసంచీ భుజాన ఉండగానే గుమ్మం దగ్గర నిలబడింది. గరప చెప్పమని తాతయ్య అన్నాడు, చెప్పాను, చివరి ర దాకా.

"అన్నీ చదివేసింది. దెబ్బ తగిలింది కదా, బెదిరిపోయినట్టుంది, అంతే," అన్నాడు నాన్న.

"చదివిందా, అప్పజెప్పిందా?" అంది అమ్మ.

ఆమె లోపలికి వచ్చి, సంచీ దించకుండానే మేకుకు ఉన్న కర్ర తీసి, బోర్డు మీద ఎక్కడో ఆనించింది. "ఇదేంది బిడ్డా?"

నేను చూశాను. బోర్డు తెల్లగా, పలచటి పాలలో నానేసిన గుడ్డలా ఉంది; దాని మీద పైన ఒక నల్లటి మచ్చ, దాని కింద మరో రెండు. అమ్మ చీర రంగు తెలుస్తోంది. ఆమె చెయ్యి ఎటు ఉందో తెలియడం లేదు.

"కర్ర యాడ పెట్టినవమ్మా?" అని అడిగాను.

నాన్న వచ్చి అమ్మ చేతిలోంచి కర్ర తీసుకుని మళ్ళీ మేకుకు తగిలించాడు. అమ్మ కాలేజీకి వెళ్ళలేదు.

జరిగింది నాకు అర్థమైంది చాలా ఏళ్ళకు, చదువులో. నా ఎడమకంటి పవరు పుట్టుకతోనే కుడికంటి కంటే బాగా వేరుగా ఉంది. మెల్ల లేదు, నొప్పి లేదు, ఎర్రదనం లేదు, చూసినవాళ్ళకు ఏ తేడా తెలియదు. రెండు కళ్ళూ రెండు పొంతన లేని బొమ్మలు పంపుతుంటే మెదడు స్పష్టమైనదాన్ని ఉంచుకుని మసకదాన్ని పక్కన పెడుతుంది, పెట్టగా పెట్టగా ఆ కంటి నుంచి చూడటమే నేర్చుకోదు. దీన్ని సోమరి కన్ను అంటారు. ఆ మాట సరైనది కాదు, కన్ను తన పని తాను చేస్తూనే ఉంటుంది. చిన్నతనంలో పట్టుకుంటే సరైన అద్దాలు ఇచ్చి, మంచి కంటిని రోజూ కొంతసేపు కట్టేసి, రెండోదాని చేత బలవంతంగా చూపిస్తూ చాలావరకు దారికి తేవచ్చు. వయసు పెరిగినకొద్దీ కష్టమవుతుంది. తొమ్మిదో ఏడు ఆ రోజుల లెక్కలో ఆలస్యం. ఆ మధ్యాహ్నం మా వరండాలో జరిగిన సంభాషణలో నాకు గుర్తున్నవి రెండు వాక్యాలే. "మొక్కై వంగనిది మానై వంగునా?" అన్నాడు తాతయ్య, నేల చూస్తూ. "చెట్టు గూడ ఎండ దిక్కు వంగుతది మామయ్యా," అంది అమ్మ, అది తన సబ్జెక్టు కనుక.

నాన్న మాటలేవీ గుర్తు లేవు. ఆ ఆదివారం ఆయన సందులో పిల్లలందరినీ మళ్ళీ పిలిపించి, ఈసారి కర్రతో, కింది నుంచి పైకి, అడ్డదిడ్డంగా అడిగించాడు. దూరపు చూపు లేదని తేలింది రజితకు. అద్దాలు పెట్టుకుని వీధిలోకి వచ్చి చెట్టు చివర ఆకులను కొంతసేపు చూసి, "గందుకేనా నేను ఎప్పటికీ దొంగనే అయితుంటి, దాక్కున్నోళ్ళు కానొస్తనే లేకుండె" అని సందంతా వినేట్టు అంది. తాతయ్య ఆ రోజు పిల్లలకు నువ్వుండలు పంచడం మరచిపోయాడు. పాత బోర్డు గోడ దిగిపోయింది.

ఆ వేసవిలో నాకు మందపు అద్దాలూ, కుడికంటికి దూది మెత్తా వచ్చాయి. ఆ ఎడమకంటి వేసవిని వాసనలతోనూ చప్పుళ్ళతోనూ తప్ప మరోలా చెప్పలేను. పొద్దున మెత్త పెట్టేటప్పుడు ప్లాస్టరు జిగురువాసన, మధ్యాహ్నానికి చెమటకు తడిసిన దూది వాసన, సాయంత్రం ఊడదీసేటప్పుడు కనుబొమల వెంట్రుకలు పీకిన చురుకు. క్యాంపస్ దారుల్లో తురాయిచెట్లు చెట్లుగా కాక ఎర్రటి మంటలుగా ఉండేవి, ఆ మంటల కింద సైకిళ్ళ గంటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియక నేను పక్కకు ఒదిగి నిలబడేదాన్ని. ఉగాది పచ్చడిలో వేపపువ్వు పడ్డ చోటును నాలుకతోనే పట్టుకున్నాను. మామిడికాయ ముక్కలకు ఆవపిండి కలుపుతున్న గదిలోకి వెళ్ళి ఎడమకన్ను కూడా మండటం చూసి, నీళ్ళు కారడం దానికి వచ్చన్నమాట అనుకున్నాను. సందులో ఆడవాళ్ళు అమ్మ వినకుండా, నాకు వినబడేట్టు అనుకునే మాట ఒకటుండేది. "కండ్ల డాక్టరోళ్ళ బిడ్డకే కన్ను కానొస్తలేదట." రజిత నన్ను ఒంటికన్ను రాణీ అని పిలిచేది, నేను ఆమెను నాలుగుకళ్ళ నక్కా అనేదాన్ని, ఇద్దరం ఆటలో చేరేవాళ్ళం కాదు కనుక గట్టు మీద కూర్చుని ఒకరినొకరు తిట్టుకుంటూ సీమచింత గింజల నల్లపొట్టు లోపలి గోధుమరంగు పొర చెడకుండా గోటితో ఒలిచేవాళ్ళం. నాకు ఏడుపు వచ్చిందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, వచ్చినట్టు గుర్తు లేదని చెబుతాను. అంతకంటే ఎక్కువ చెప్పడం కల్పన అవుతుంది.

ఆదివారం ఆదివారం నాన్న నా ఎడమకంటి చూపు కొలిచేవాడు. ఒకే బోర్డును మళ్ళీ నమ్మదలచుకోలేదు. ప్రతి ఆదివారానికీ కొత్త అక్షరాలతో కొత్త బోర్డు కావాలి, రాసేది తాతయ్య. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వరండాలో డ్రాయింగు కాగితం పరిచి, స్కేలుతో వరసలు కొలిచి, కుంచె నల్లసిరాలో ముంచి, ఒక్కొక్క అక్షరం నిదానంగా దిద్దేవాడు. దొరికిన నీడ అదొక్కటే కనుక నేనూ అక్కడే చాప మీద కూర్చుని, కంటితో పని లేకుండా వేళ్ళతో చేయగలిగిన పని అని అమ్మ అప్పజెప్పిన చింతపండు ముందు పెట్టుకుని పిక్కలు తీసేదాన్ని. తాతయ్య తరంవాళ్ళు మౌనంగా రాయలేరు, చదవలేరు. పేపరు చదివినా, చీటీ రాసినా పెదవులు కదిలేవి, పెదవుల వెనక సన్నగా గొంతు కదిలేది. కుంచె గుండ్రంగా తిరిగేటప్పుడు "స..." అనీ, తలకట్టు పెట్టేటప్పుడు "హ..." అనీ ఆయన గొణిగేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ ఎంత అలవాటంటే ఎవరికీ వినిపించేది కాదు.

మొదటి వారాల్లో నేను రెండో వరస దగ్గరే ఆగిపోయాను. తర్వాత మూడో వరసలో ఒక అక్షరం, మరో ఆదివారం రెండు. నాన్న సంతోషించినట్టు కనబడకుండా ఉండటానికి ప్రయత్నించేవాడు. మృగశిర కార్తె వచ్చింది, తాతయ్య ఇంగువ కలిపిన బెల్లం ఉండ నా నోట్లో పెట్టాడు, బయట తొలిచినుకులకు బండలు ఆవిర్లు కక్కాయి. బడి తెరవడానికి ఇక కొద్ది రోజులే ఉంది, కుడికన్ను కట్టుకుని వెళితే నల్లబల్ల మీద ఏమీ కనిపించదన్నది అందరికీ తెలుసు. అమ్మ ఆ ఆదివారం జవాబుపత్రాలు దిద్దడానికి వెళ్ళింది. కొత్త బోర్డు ముందు కూర్చుని నేను మొదటి వరస చెప్పాను, రెండోది చెప్పాను, మూడోది ఆగకుండా చెప్పాను, నాలుగో వరసలో నాలుగు అక్షరాలూ చెప్పాను. అక్షరాలేవో ఇప్పుడు గుర్తు లేవు. నా గొంతు పెద్దదవుతూ వెళ్ళడం, తాతయ్య తొడ చరుచుకోవడం గుర్తున్నాయి. నాన్న గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, ప్లాస్టరు అంచులు నానబెట్టి, ఒక్క వెంట్రుక కూడా లాగకుండా మెత్త ఊడదీశాడు. "ఇక చాలమ్మలూ. వచ్చేసింది," అన్నాడు. నేను చూసినంతలో ఆయన కళ్ళు తుడుచుకున్నది ఆ ఒక్కరోజే. అది చూసింది కుడికంటితో కనుక నమ్మవచ్చు.

అమ్మ సాయంత్రం వచ్చి నా గడ్డం పట్టుకుని మొహాన్ని దీపం వైపు తిప్పి చాలాసేపు చూసింది. అన్నీ అడిగే మనిషి ఆ రోజు ఏమీ అడగలేదు. ఆషాఢంలో బోనాల డప్పు తార్నాక సందుల్లోకి వచ్చినప్పుడు రెండు కళ్ళూ తెరుచుకుని రజితతో పోటీగా పరుగెత్తాను. ఆ ఏడాది నుంచి నాన్న తన దగ్గరికి ఆలస్యంగా వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు నా కథ చెప్పి ధైర్యం ఇచ్చేవాడు.

వైద్యకళాశాలలో విద్యార్థులం ఒకరి కళ్ళు ఒకరం పరీక్షించి నేర్చుకుంటున్న రోజున నా ఎడమకన్ను మళ్ళీ బోర్డుకు ఎదురుపడింది. పై రెండు వరసలు, అంతే. నా తోటివిద్యార్థిని తన కొలత తప్పనుకుని మళ్ళీ చేసింది. ఆదివారం ఇంటికి వచ్చి, నాన్న క్లినిక్కులో అద్దాలు తుడుచుకుంటుండగా చెప్పాను. తాతయ్య అప్పటికి లేడు. నాన్న తుడుస్తున్న అద్దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దాని లోంచే చూస్తూ, "ఆ రోజు చదివావు కదా," అన్నాడు. చదివానన్నాను. తర్వాత ఆయన బతికున్న ఏళ్ళలో మేమిద్దరం పక్కపక్క కుర్చీల్లో కూర్చుని వేల కళ్ళు చూశాం, ఆ ఒక్క కన్ను గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. సూక్ష్మదర్శిని కింద చేసే శస్త్రచికిత్సకు రెండు కళ్ళతో లోతు తెలియాలి కనుక అది నా దారి కాలేదు. నేను చిన్నపిల్లల చూపు కొలుస్తాను, ఎవరినీ అప్పజెప్పనివ్వను.

ఇప్పుడు మా క్వార్టరు ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. సీమచింత చెట్లు లేవు. నా పరీక్షగదిలో అక్షరాలు తెర మీద మీట నొక్కినప్పుడల్లా తారుమారవుతాయి, ఏ పిల్లకూ అవి పాటగా పట్టుబడవు. గరప అంటే అర్థమయ్యేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు మిగిలారు, అమ్మా నేనూ. రజిత వాళ్ళ నాన్నకు బదిలీ అయి వెళ్ళిపోయాక ఎక్కడుందో తెలియదు. నా కట్టు విప్పిన సాయంత్రం ఏమీ ఎందుకు అడగలేదని ఈమధ్య అమ్మను అడిగాను. ఆమెకు మతిమరుపు మొదలైంది, కానీ ఆ ప్రశ్నకు తడుముకోలేదు.

"మీ నాయిన మొకం చూసిన. అడగబుద్ధి కాలే."

ఆ ఆదివారం నేను నాలుగో వరసను చూశానా, లేక చింతపండు ముందు కూర్చుని తాతయ్య గొణుగుడులో విన్నానా అన్నది నాకు తెలియదు. కట్టు కట్టి తెచ్చుకున్న చూపు, కట్టును ఒక్కసారిగా మానేస్తే కొందరిలో వెనక్కి జారిపోతుందని ఇప్పుడు మాకు తెలుసు. కనుక నిజంగానే చూసి ఉండవచ్చు, చూసినదాన్నే తర్వాత పోగొట్టుకుని ఉండవచ్చు. అలా అయితే తప్పు కట్టు విప్పడంలో ఉంది. చూడకుండా చెప్పి ఉంటే తప్పు పరీక్షలో ఉంది, ఆ కన్నుకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఈ రెండింటిలో దేనికి బాధపడాలో తేలక, ఏ బాధా నా దగ్గర నిలవలేదు. ఆ రోజు నాన్న కర్ర పట్టుకుని అడ్డదిడ్డంగా అడిగాడో లేదో ఎంత గుర్తుచేసుకున్నా రాదు. గుర్తొచ్చినా దాన్ని నమ్మను, అప్పుడు తప్పుదారి పట్టించిందని నేను అనుమానిస్తున్నది ఆ జ్ఞాపకశక్తినే. తేల్చుకోవాలంటే పరీక్ష మళ్ళీ పెట్టాలి. పెట్టడానికి తొమ్మిదేళ్ళ కన్ను కావాలి.